వెయ్యి గంటల బల్బు

ఎడమకు తిప్పితే వదులవుతుంది, కుడికి తిప్పితే బిగుస్తుంది. పెళ్ళయిన ముప్ఫై ఏడేళ్ళుగా ఇనోబత్ ఈ మాట వింటూనే ఉంది, వినడమే తప్ప ఒక్కనాడూ ఒక్క బల్బు మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు, కరెంటు మేస్త్రీ ఇల్లాలికి ఆ అవసరం ఏముంటుంది? ఇప్పుడు పెద్దగది నడిమధ్య స్టూలెక్కి, ఒక చేత్తో దూలం పట్టుకుని, రెండో చేత్తో తన తలగుడ్డ చుట్టిన బల్బును ఎడమకు తిప్పుతోంది, అది మాత్రం ఉలకదు, పలకదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఈ బల్బు ఏ మొండివాడి చేతిలో పెరిగిందో మరి. కిటికీలోంచి వచ్చిన ఎండ ఎదురుగోడలోని గూటి దాకా ఎక్కింది. గూట్లో పింగాణీ గిన్నెల వరస దాటి, చావింటి ఆనవాయితీగా ముసుగు వేసిన అద్దం దాటి, పైనున్న చెక్క అంచు కూడా దాటిందంటే సందెవేళ నమాజుకు పిలుపు వినిపిస్తుంది, ఆ వేళకు ఈ గదిలో దీపం వెలుగుతూ ఉండాలి. ముప్ఫై తొమ్మిది రోజులు రాత్రీ పగలూ వెలిగింది. పోయినవాళ్ళు నలభై రోజులపాటు ఇంటికి వచ్చిపోతుంటారు, తాము పడుకున్న చోట వెలుగు చూసుకుని తృప్తిగా వెళ్తారు, మర్గిలాన్‌లో ఏ ఇంట్లోనైనా అంతే. మొగుడు పోయి రేపటితో నలభై. ఇవాళ మధ్యాహ్నం కరెంటు పోయింది, పోయినది ఒక్క ఉదుటున తిరిగొచ్చింది, బల్బు ఒకసారి నీలంగా మెరిసి టప్పుమని ఆరిపోయింది. ముందు ఫ్యూజు పీకు, తర్వాతే చెయ్యి పెట్టు, అది ఆయన రెండో మాట. అందుకని ఫ్యూజు పీకి వచ్చింది, వంటింట్లో ఫ్రిజ్ కూడా నోరు మూసుకుంది. ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉంటుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

వాకిట్లో ద్రాక్షపందిరి కింద ఆడపడుచు ఖోసియత్ చాప పరుచుకుని కారెట్ల బస్తా విప్పుకుంటోంది. రేపు తెల్లవారుజామున వాడకట్టు మగవాళ్ళంతా వచ్చి ఈ గదిలో కూర్చుని ఖురాను చదివి పులావు తిని వెళ్తారు, నూటయాభై మందికి తక్కువ ఉండరు, అందుకు ఇవాళ సందె దాటాక ఇరుగుపొరుగు అంతా కత్తులు పట్టుకుని కారెట్లు తరగడానికి వస్తారు. ఖోసియత్‌కు డెబ్బై దాటాయి, కళ్ళు మసకలైనా నోటికి మాత్రం ఏ మసకా లేదు.

"ఏమే ఇనోబత్, పడి నడుం విరగ్గొట్టుకుంటావా ఏంటి? రేపు జనం వచ్చేది మా తమ్ముడి కోసమా, నిన్ను చూసిపోడానికా?"

"రావట్లేదు వదినా, పట్టేసింది."

"టేబుల్ లైటు తెచ్చి పెట్టెయ్యరాదూ! దీపం దీపమే కదా. మా తమ్ముడేమన్నా వచ్చి వాట్లు లెక్కపెడతాడా?"

"పెడతారు."

ఖోసియత్ నవ్వబోయి, ఆ నవ్వు సగంలో ముక్కు తుడుచుకుంది. నిజమే, పెడతాడు, ఎర్గష్ సంగతి అక్కకు తెలియనిదా. టేబుల్ లైటు ఇనోబత్‌కు ఇష్టం లేదు, జబ్బు రోజుల్లో మంచం పక్కన వెలిగింది అదే, మందుల వాసనా మూలుగూ ఇంకా దాన్ని అంటిపెట్టుకునే ఉన్నాయి. పైగా ఆయన కోసం ఆమె చెయ్యగలిగింది ఇక ఇదొక్కటే మిగిలింది. చెయ్యవలసినది, అన్నిటికన్నా ముందు చెయ్యవలసినది, ఆమె చెయ్యలేదు. మన్నింపు అడగలేదు. మనిషి వెళ్ళిపోయే ముందు అయినవాళ్ళు పక్కన కూర్చుని, నా వల్ల ఏ తప్పు జరిగినా మనసులో పెట్టుకోకు అంటారు, పోయే మనిషి మన్నించాను, నువ్వూ నన్ను మన్నించు అంటాడు, ఆ మాట ఇచ్చిపుచ్చుకోకపోతే ఇక్కడ మిగిలినవాళ్ళకూ అక్కడికి వెళ్ళినవాళ్ళకూ నెమ్మది ఉండదు. కాలి కింద గాజుగ్లాసు పగిలినా మన్నించు అనే ఊరు ఇది. అలాంటి ఊళ్ళో ముప్ఫై ఏడేళ్ళు కాపురం చేసిన మొగుడికి ఆమె ఆ ఒక్క మాట చెప్పలేకపోయింది. ఎలా చెబుతుంది? మన్నింపు అడిగితే, నువ్వు పోతున్నావు అని చెప్పినట్టే కదా.

బల్బు తిరగలేదు. తలగుడ్డ జారింది, మళ్ళీ చుట్టింది. గాజు చల్లగా, ఆస్పత్రి వరండాలో గోడలాగా చల్లగా తగిలింది, ఆ గోడకు వీపు ఆనించి ఆమె ఎంతసేపు నిలబడిందో, కిటికీ అవతల ఆప్రికాట్ చెట్టు ఒళ్ళంతా పూసి ఉంది, ఒక్క ఆకు లేదు, అన్నీ పూలే, డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఇంటికి తీసుకెళ్ళమ్మా, ఆకురాలే కాలం చూస్తే గొప్ప అన్నాడు. ఆయనకు చెప్పనా అనైనా డాక్టరు అడగలేదు, ఆమె చెప్పొద్దనీ అనలేదు, అక్కడ అది అడిగే సంగతి కాదు. రోగికి రోగం పేరు చెప్పడం మనిషిని బతికుండగా పాతిపెట్టడమే. లోపలికి వెళ్ళేటప్పటికి ఎర్గష్ చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు, ఏమంటాడేమిటి అన్నాడు, కడుపులో పుండట, పులుపు మానాలట అంది, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం, నోట్లో ముందే సిద్ధంగా ఉన్నట్టు. ఆ తర్వాత కూతుళ్ళిద్దరూ పుండే అన్నారు, మరిది పుండే అన్నాడు, ఖోసియత్ తన మొగుడి పుండు ఎలా మానిందో లేని కథ ఒకటి అల్లి చెప్పింది, టీకొట్టు స్నేహితులు దానిమ్మ తొక్క కషాయం తాగమన్నారు. తిలా పాపం తలా పిడికెడు. ఆయన అందరి మాటా విన్నాడు, కషాయం తాగాడు, పులుపు మానాడు. వేసవిలో పుచ్చకాయ ముక్క ముందు పెడితే ఇది పుల్లగా ఉండదు కదా అని అడిగాడు, పసిపిల్లాడిలా. అప్పుడు ఆమె వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

ఆఖరి రాత్రి కూడా అడిగాడు. గొంతు పోయి గుసగుస మిగిలింది. ఇనోబత్, నాకేమైనా చెప్పాలా? అన్నాడు. ఏముంది చెప్పడానికి, పడుకోండి, పొద్దున్న షోర్వా కాస్తాను అంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పొద్దున్న షోర్వా పొయ్యి మీదే ఉంది, తాగే మనిషి లేడు. చేతికందిన మాటను ఆమె అలా జారవిడిచింది, ఈ ముప్ఫై తొమ్మిది రాత్రులూ అదే గుర్తుచేసుకుని నిద్ర లేచి కూర్చుంటోంది, కూర్చుని ఈ బల్బు కేసి చూస్తోంది. వెలుగు ఉంది కదా, వస్తాడు కదా, వచ్చినప్పుడు మనసులో అడుగుతాను అనుకునేది, అడిగేది, జవాబు మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది.

వెలుగంటే గుర్తొచ్చింది, వెలుగు విషయంలో అంత పిసినారి ఈ ఊళ్ళో లేడు. ఊరందరికీ దీపాలు వెలిగించిన మనిషి ఇంట్లో మాత్రం నలభై వాట్లు దాటనిచ్చేవాడు కాదు, దీపం కింద చీకటి అంటే ఇదేనేమో. ఈ వెలుగు చాలదండీ, సూదిలోకి దారం ఎక్కట్లేదు అని ఆమె ఎన్ని సందెవేళలు గొణిగిందో. చాలు, నీ మొహం కనపడుతోంది నాకు, ఇంకేం చూడాలి అనేవాడు, అని ఆమె ఏ గదిలోంచి బయటికొస్తే ఆ గదిలో లైటు ఆర్పుకుంటూ వెనకాలే వచ్చేవాడు. బల్బు పెట్టే ముందు మేకుతో దాని ఇత్తడి మూతి మీద తారీఖు గీకేవాడు. మాడిపోయినప్పుడు విప్పి, తారీఖు చూసి, వేళ్ళ మీద లెక్కపెట్టి, బల్బు ఆయుష్షు వెయ్యి గంటలు, వెయ్యి గంటలు బతకని బల్బూ మాట తప్పిన మనిషీ ఒకటే అనేవాడు. ఆఖరి పదిహేను రోజులు ఆ పిసినారితనం మరీ ముదిరింది. మంచం పెద్దగదిలోకి మార్పించుకున్నాడు, మార్పించుకుని, పైలైటు వెయ్యొద్దు, కళ్ళు మండుతున్నాయి, టేబుల్ లైటు చాలు అన్నాడు. ఒకసారి పొరపాటున ఆమె చెయ్యి స్విచ్చు మీదికి వెళ్తే, లేవలేని మనిషి మోచేతి మీద లేచి వద్దన్నానా అని కేకేశాడు. పోయిన రోజున జనంలో ఎవరో స్విచ్చు వేశారు. గది భగ్గుమని వెలిగింది, పెళ్ళింట్లోలాగా, అందరూ కళ్ళు చిట్లించుకున్నారు. అంత వెలుగు ఆ గది పుట్టి ఎరగదు. మరిది తెచ్చి పెట్టి ఉంటాడనుకుంది, ఆ గడబిడలో ఎవరిని అడుగుతుంది.

కటుక్కుమంది. తిరిగింది! తిరిగిందనుకుని ఇంకాస్త బలం పెట్టింది, చేతిలోకి వచ్చేసింది, ఇంతా చేసి వచ్చింది గాజు ఒక్కటే. ఇత్తడి మూతి పైన హోల్డర్‌లోనే ఉండిపోయింది, లోపల బోలుగా, నోరు తెరుచుకుని. ముప్ఫై తొమ్మిది రోజుల వేడికి జిగురు మాడి ఊడిపోయి ఉంటుంది. గాజుబుడ్డి ఇనోబత్ అరచేతిలో కోడిగుడ్డంత తేలిగ్గా ఉంది, కదిపితే లోపల తెగిన తీగ సన్నగా గలగలలాడింది, నెత్తిన నూరు అని అచ్చు. ఎండ దాని గుండా పోయి ఆమె మణికట్టు మీద వణికింది. అందులో కిటికీ ఒకటి కనిపించింది, చిటికెన వేలి గోరంత కిటికీ, దానికవతల గోరంత ద్రాక్షపందిరి, దాని కింద గోరంత ముసలమ్మ. చిన్న నీలి గౌనుతో తనూ ఉంది అందులో, ఒంగిపోయి, ఎవరో తెలియని మనిషిలా. అలా ఎంతసేపు చూసిందో, దిగాలని కూడా అనిపించలేదు. ఎండ అద్దం ముసుగు మీదికి ఎక్కింది.

"పగిలిందా?" అంది ఖోసియత్.

"ఊడింది. మూతి లోపలే ఉండిపోయింది."

"అయ్యో! ఎర్గష్ ఉంటే క్షణంలో తీసేవాడు."

ఎర్గష్ ఉంటే. ఎర్గష్ ఉంటే ఈ బల్బు ఎందుకు, ఈ కారెట్లెందుకు. ఈ కారెట్లు, అవును, ఆ రాత్రి కూడా కారెట్లే, గుట్టలుగా, పక్కింటి పెళ్ళి, రేపనగా పులావుకు తరుగుతున్నారు, ఆమెకు పద్దెనిమిదేళ్ళు, వేళ్ళన్నీ పచ్చగా రంగు పట్టాయి, పందిరిలో బల్బు పేలి ఆడపిల్లలంతా కెవ్వుమన్నారు. కరెంటు పనిలో కొత్తగా చేరిన కుర్రాడు నిచ్చెనెక్కాడు, నోట్లో టార్చిలైటు. దాన్ని తీసి చంకలో పెట్టుకుని, కిందికి చెయ్యి చాచి, లావుపాటి కారెట్ ఒకటి ఇటివ్వండి అన్నాడు. ఆకలేస్తోందా అని ఎవరో ఎగతాళి చేశారు. ఎవరూ కదలకపోతే ఇనోబత్ గుట్టలోంచి ఒకటి ఏరి ఇచ్చింది. అతను దాని చివర కోసి, బల్బు మూతిలోకి కూరి, నొక్కిపట్టి, ఎడమకు తిప్పాడు, మూతి కారెట్‌కు కరుచుకుని మెత్తగా దిగొచ్చింది. అతను దిగి ఆ కారెట్‌ను ఆమెకే తిరిగి ఇచ్చి, ఇది పులావులో వెయ్యకండి, పెళ్ళికొడుకు పళ్ళు విరుగుతాయి అన్నాడు. ఆమె దాన్ని పారెయ్యలేదు. ఇత్తడి మూతితో సహా కారెట్ వాడిపోయే దాకా తన పెట్టెలో దాచుకుంది, చివరికి వాసనొచ్చి అమ్మ కనిపెట్టి తిట్టింది. ఈ సంగతి పెళ్ళయిన పదేళ్ళకు గానీ ఆయనకు చెప్పలేదు. చెప్పినప్పుడు ఆయన, మూతి మీద తారీఖు చూశావా అని అడిగాడు.

"వదినా, లావుపాటి కారెట్ ఒకటి ఇటివ్వండి."

"ఎందుకే, ఆకలేస్తోందా?" అంటూనే ఖోసియత్ మోకాళ్ళు పట్టుకుని లేచింది, బస్తాలో రెండు మూడు చేత్తో చూసి పసుపుపచ్చది, బొద్దుది ఏరి, గడప దాటొచ్చి అందించి, గాజుబుడ్డి తీసుకుంది. కత్తి కూడా అందించింది. ఇనోబత్ చివర కోసి, మూతిలోకి కూరింది. దూలం వదిలేసి రెండు చేతులా పట్టుకుంది. స్టూలు కిర్రుమంది, ఎడమకు, ఎడమకు, ఎవరు బిగించారు నిన్ను ఇంత గట్టిగా, బల్బును బిగించి చంపకూడదు, ఆగిన చోట ఆపాలి అని ఆయన కుర్రాళ్ళను తిట్టేవాడు, ఇది తెలియని చెయ్యి బిగించింది, లేకపోతే భయపడిన చెయ్యి, వదులై ఆరిపోతుందేమోనని భయపడిన చెయ్యి. కర్రుమంది. ఒక చుట్టు. కారెట్ రసం ఆమె మణికట్టు మీదుగా చంక దాకా కారింది. రెండో చుట్టు మెత్తగా వచ్చింది, మూడోది దానంతటదే, ఇత్తడి మూతి కారెట్‌ను కరుచుకుని కిందికి దిగింది.

కిటికీ వైపు తిప్పి చూసింది, చూడాలని కాదు, అలవాటుగా, ఆయన చూసేవాడు కదా. మరచుట్ల కింద నున్నటి అంచు మీద గీతలున్నాయి. మేకు గీతలు. ఒకటి, నాలుగు, చిన్న అడ్డగీత, తొమ్మిది. ఒకటి నిటారుగా, ఏడులాగా తలకట్టుతో, ఆయన అలాగే రాస్తాడు. నాలుగు మాత్రం వంకరపోయింది, రెండుసార్లు గీకినట్టుంది.

"వదినా, మీ మనవరాలి పెళ్ళి ఎన్నో తారీఖు?"

"సెప్టెంబరు పద్నాలుగు. అప్పుడే మర్చిపోయావా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా ఇంట్లోనే ఉన్నావుగా."

ఉంది. ఆ రోజు వెళ్ళనంటే ఆయనే తరిమాడు, మన ఇంటి నుంచి ఒక్క మనిషైనా వెళ్ళకపోతే అక్క తల ఎక్కడ పెట్టుకుంటుంది, ఒక్క రోజుకు నేనేం చచ్చిపోను అన్నాడు. సాయంత్రం తిరిగొచ్చేటప్పటికి మంచం మీద చెమటలో తడిసిపోయి పడి ఉన్నాడు, ఊపిరి అందడం లేదు, కనుబొమల మీద సాలెగూడు. ఏం చేశారండీ అని తను గయ్యిమంది. ద్రాక్షగుత్తులు పండాయేమో చూద్దామని పందిరి కిందికెళ్ళాను అన్నాడు. మర్నాడే మంచం పెద్దగదిలోకి మార్చమన్నాడు. కిటికీ పెద్దది, గాలొస్తుంది అన్నాడు. పోయినవాళ్ళను ఈ ఇంట్లో పడుకోబెట్టేది పెద్దగదిలోనే. మామగారిని అక్కడే, అత్తగారిని అక్కడే. ఆ సంగతి ఆయనకు తెలియదా? లైటు వెయ్యొద్దన్నాడు. ఒక్క నిమిషం కూడా వెయ్యనివ్వలేదు. బల్బు ఆయుష్షు వెయ్యి గంటలు. నలభై రోజులంటే, ఇనోబత్ వేళ్ళ మీద లెక్కపెట్టింది, రోజుకు ఇరవై నాలుగు, పదికి రెండు వందల నలభై, నలభైకి తొమ్మిది వందల అరవై. లెక్క సరిపోయింది. ఆయన కళ్ళు మండలేదు. ఆ పిసినారి తన గంటలు దాచుకున్నాడు, పోయాక వెలగాల్సిన గంటలు, ఇనోబత్ స్టూలెక్కే పని రాకుండా. ఈ ఊరి కరెంటు అంత ఎగిసొస్తుందని ఒక్కటే లెక్కలోకి తీసుకోలేదు. స్టూలు మీద, ఇదిగో ఇక్కడే, తన కాళ్ళున్న చోటే, అన్నం ముద్ద దిగని మనిషి నిలబడ్డాడు. వణికే చేత్తో తన తారీఖు తానే గీకుకుని, ఒంట్లో మిగిలిన బలమంతా పెట్టి బిగించాడు. నలభై వాట్ల మనిషి. నూరు వాట్లది పెట్టాడు.

అంటే తెలుసు. పుండు కాదని తెలుసు, అందరూ అబద్ధమాడుతున్నారని తెలుసు, తెలిసీ కషాయం తాగాడు, పుచ్చకాయ పుల్లగా ఉండదు కదా అని అడిగాడు. నాకేమైనా చెప్పాలా అని అడిగిన రాత్రి చెప్పమని అడగలేదు, చెప్పకపోయినా ఫరవాలేదని అడిగాడు. ఆమె మోసం ఆయన మోశాడు, ఆయన మోసం ఈ బల్బు మోసింది. ఇనోబత్‌కు కోపం వచ్చింది, ముందు కోపమే వచ్చింది, దొంగా, అంది, ముసలి దొంగా, పదిహేను రోజులు ఒక్క ముక్క చెప్పకుండా ఎలా ఉన్నారండీ. తర్వాత ఏడుపొచ్చింది. ముప్ఫై తొమ్మిది రోజుల్లో జనం చూడగా ఏడ్చిన ఏడుపులన్నీ కలిపినా ఇంత లేవు. కారెట్‌ను గుండెకు అదుముకుని, దూలానికి నుదురు ఆనించి ఏడ్చింది. ఎండ చెక్క అంచు మీదికి ఎక్కింది.

ముక్కు తుడుచుకుని గౌను జేబులోంచి కొత్త బల్బు తీసింది. ఇందాక ఆయన పెట్టె వెతికితే అన్నీ నలభైవే దొరికాయి, ఉన్న ఒక్క నూరు ఎక్కడికి పోయిందా అనుకుంది, పోయింది ఎక్కడికో ఇప్పుడు తెలిసింది. కత్తి మొనతో ఇత్తడి మీద ఇవాళ్టి తారీఖు గీకింది, ఆరు, అడ్డగీత, పదకొండు. కుడికి తిప్పింది. ఆగిన చోట ఆపింది. అప్పుడు, స్టూలు మీదే నిలబడి, ఆ రోజు ఆయన మొహం ఉన్న ఎత్తులో తన మొహం ఉండగా, ఇంతకాలం నోట్లో కుక్కుకున్న మాట పైకే అంది.

"ఏమండీ, నా వల్ల ఏ తప్పు జరిగినా మనసులో పెట్టుకోకండి. మన్నించండి."

"ఎవరితోనే మాటలు?" గడప దగ్గర నుంచి ఖోసియత్.

"మీ తమ్ముడితో."

ముసలామె ఎగతాళి చెయ్యలేదు. "ఏమంటున్నాడు?" అంది.

ఇనోబత్ అరచేతిలో ఇత్తడి మూతి వంక చూసుకుంది. వంకరపోయిన నాలుగు మీద బొటనవేలు పెట్టింది.

"ముందు కిందికి దిగి ఫ్యూజు పెట్టమంటున్నారు."

దిగింది. వసారాలోకి వెళ్ళి ఫ్యూజు నొక్కింది, వంటింట్లో ఫ్రిజ్ గొంతు సవరించుకుంది, మసీదు నుంచి పిలుపు మొదలైంది, వాకిట్లో ఎవరో కత్తులు పట్టుకుని లోపలికొస్తూ సలాం చెబుతున్నారు. పెద్దగది గుమ్మంలో నిలబడి స్విచ్చు వేసింది. గది వెలిగింది, భగ్గున కాదు, మసగ్గా, పసుపుగా, మూలలు చీకట్లోనే ఉంచి, సూదిలోకి దారం ఎక్కని ఆ పాత వెలుగే.

"వెలుగు తగ్గిందేమే?" అంది ఖోసియత్, ఆమె భుజం మీదుగా చూస్తూ. "ఇది చాలుతుందా?"

"చాలు వదినా," అంది ఇనోబత్. కారెట్లు తరగడానికి వాకిట్లోకి వెళ్తూ, లైటు ఆర్పబోయిన చేతిని ఆమె మధ్యలోనే వెనక్కి తీసుకుంది.